తారల బండికి కొత్త టాపు

షూటింగ్ చూసొచ్చిన కుర్రకారును అడిగి చూడండి, ఇంటికొచ్చాక చెప్పే మొదటి ముచ్చట హీరో గురించి కాదు. "కారవాన్ చూశాంరా!" అంటారు. హీరో కనిపించేది అరనిమిషం. మిగతా పూటంతా కనిపించేది ఆ తెల్లబండి తలుపే! అది తెరుచుకుంటుందేమో, ఆయనగారు ఒక్కసారి చెయ్యి ఊపుతారేమో అని మండుటెండలో మనవాళ్ళు కాసే కాపలా జీతమిచ్చి పెట్టుకున్న కాపలావాడు కూడా కాయడు. ఆ తలుపు గురించీ, లోపలి అద్దాల గురించీ, సోఫాల గురించీ కథలు కథలుగా చెప్పుకుంటారు. బండి టాపు గురించి మాత్రం ఎవరూ మాట్లాడరు. కింద నిలబడి చూసేవాడికి టాపు కనబడదు కదా మరి!

ఈ వారం మన ముచ్చట ఆ కనబడని టాపు గురించే. "సినిమా పత్రికలో ఈ రేకులూ రివిట్ల గోలేమిటండీ?" అని పేజీ తిప్పెయ్యకండి. ఒక పెళ్ళి సీను బట్టల పెట్టె, ఇద్దరు అన్నదమ్ముల అప్పు, ఒక ముసలి మేస్త్రి పట్టుదల... ఈ మూడూ ఒక్క రేకు కింద ఇరుక్కున్న కథ ఇది.

ముందు ఒక్కమాట. బండికీ, సినిమాకీ చుట్టరికం నిన్న మొన్నటిది కాదు. థియేటర్లు పుట్టకముందు మన దగ్గర సినిమా ఊరూరా తిరిగి బతికింది. 1905లో తిరుచ్చిలో రైల్వే ఉద్యోగం చేసే సామికన్ను విన్సెంట్, డ్యూపాంట్ అనే ఫ్రెంచి దొర దగ్గర ప్రొజెక్టరు, ఫిల్ములు కొనుక్కుని డేరాలు వేసి బొమ్మలు చూపించాడు. ఆ తర్వాత కొద్ది సంవత్సరాలకే మన రఘుపతి వెంకయ్యగారు క్రోనోమెగాఫోన్ అనే యంత్రం తెప్పించుకుని, మద్రాసులో డేరా వేసి ఆడించి, అక్కడితో ఆగక బర్మా, సింహళం దాకా తిరిగొచ్చారు. మద్రాసులో ఆయన గెయిటీ థియేటరు కట్టింది 1914లో. అంటే సినిమాకి గోడల కన్నా ముందు డేరా గుడ్డ వచ్చిందన్నమాట. మహారాష్ట్ర జాతరల్లో లారీల మీద ప్రొజెక్టర్లు మోసుకుతిరిగే టూరింగ్ టాకీసుల వాళ్ళ మీద షర్లీ అబ్రహాం, అమిత్ మధేశియా తీసిన 'ది సినిమా ట్రావెలర్స్' అనే డాక్యుమెంటరీ 2016లో కాన్ చిత్రోత్సవం దాకా వెళ్ళింది. వీలైతే చూడండి. తుప్పు పట్టిన బండిని బతికించుకోవడానికి మనుషులు పడే తాపత్రయం అందులో కనిపిస్తుంది.

ఇక తారలు ఎక్కే బండి సంగతి. బాపుగారు 'సాక్షి' (1967) తీయడానికి పులిదిండి వెళ్ళినప్పుడు గానీ, 'మూగమనసులు' (1964) గోదావరి ఒడ్డున తీసినప్పుడు గానీ కారవాన్ అన్న మాటే లేదు. చెట్టు నీడే మేకప్ రూము, ఊళ్ళో పెద్దమనిషి ఇల్లే గ్రీన్ రూము. మేకప్ వ్యాన్ల పద్ధతి మన దేశంలో ఊపందుకుంది 1990లలో. బొంబాయిలో నటి పూనమ్ ధిల్లాన్ స్వయంగా ఆ వ్యాపారంలోకి దిగి, దానికి పేరు తెచ్చారు. ఇవాళ చిన్న సినిమాకి కూడా ఒక బండి కావాల్సిందే. ఆడవాళ్ళు బట్టలు మార్చుకోవడానికి నాలుగు గోడలూ, ఒక కప్పూ ఉండడం దర్జా కాదు, అవసరం. ఈ సంగతి హీరోయిన్ల కన్నా గుంపులో నిలబడే జూనియర్ ఆర్టిస్టు అమ్మాయిలు బాగా చెబుతారు.

ఈ బండ్లు రెండు రకాలు. తన ఇంజను తనకే ఉండి బస్సులా నడిచేది ఒకటి. ఇంజను లేకుండా జీపు వెనకో, ట్రాక్టరు వెనకో కట్టి లాక్కుపోయే ట్రైలరు ఇంకొకటి. మన కథలోది ఈ రెండో రకం. ఉన్న ఊరు సిద్దిపేట.

సిద్దిపేట అంటే మీలో కొందరికి కోమటిచెరువు గుర్తొస్తుంది, అక్కయ్యలకి గొల్లభామ చీరలు గుర్తొస్తాయి. చిత్రకళ ఎరిగినవాళ్ళకి కాపు రాజయ్యగారు గుర్తొస్తారు. సినిమా పిచ్చి ఉన్నవాళ్ళు ఇంకో పేరు కూడా గుర్తుపెట్టుకోవాలి. 'మా భూమి' నిర్మించి, 'రంగులకల', 'దాసి' తీసిన బి. నరసింగరావుగారి ఊరు ప్రజ్ఞాపూర్. 2016 అక్టోబరు 11న సిద్దిపేట జిల్లా అయ్యాక ఆ ఊరూ ఈ జిల్లా కిందికే వచ్చింది. పక్కనే సిరిసిల్ల. 2023లో వచ్చిన 'బలగం' తీసింది ఆ ప్రాంతపు పల్లెల్లోనే. అలా ఊళ్ళల్లో తీసే సినిమాలు పెరిగేకొద్దీ, "హైదరాబాదు నించి బండి తెప్పించుకుంటే కిరాయి కన్నా డీజిలే ఎక్కువవుతోంది" అనే చిన్న నిర్మాతలూ పెరిగారు. మన అన్నదమ్ములకి వ్యాపారం ఆలోచన వచ్చింది అక్కడే.

ఇద్దరూ పాతికేళ్ళ లోపు కుర్రాళ్ళు. తమ్ముడు సినిమా పిచ్చోడు, అన్న లెక్కల మనిషి. హైదరాబాదులో పాత సామాన్ల వాళ్ళ దగ్గర పడి ఉన్న ఒక ముసలి ట్రైలరుని బేరమాడి తెచ్చుకున్నారు. పొడవు పదహారు అడుగులు, వెడల్పు ఏడు. వయసు నలభై ఏళ్ళ పైమాటే అంటారు. ఎవరు కట్టారో చెప్పడానికి పేరుపలక కూడా మిగల్లేదు. లోపల రంగులేశారు, అద్దం బిగించారు, అప్పు చేసి ఏసీ పెట్టించారు. బయట తెల్లరంగు తళతళ! టాపు మాత్రం మూడు పాత రేకుల అతుకు. కారినప్పుడల్లా పాత యజమానులు పోసుకుంటూ వచ్చిన తారు దాని మీద వేలు మందాన పేరుకుపోయి ఉంది. "నల్లగుంటేంది, పైకెక్కి చూసేదెవరు?" అనుకున్నారు పాపం.

చూసేదెవరూ? వానదేవుడు చూశాడు!

పోయిన వానాకాలం ఒక చిన్న సినిమా వాళ్ళు బండిని కిరాయికి తీసుకున్నారు. మర్నాడు పెళ్ళి సీను. బట్టల పెట్టె రాత్రి ట్రైలర్లోనే పెట్టారు. రాత్రంతా ఒకటే వాన. పొద్దున చూస్తే పెట్టెలో ఎర్రచీర రంగు దిగి తెల్లపంచెకి అంటింది, తెల్లపంచె ఎర్రజెండా అయింది. షూటింగు ఒక పూట ఆగింది. ప్రొడక్షన్ మేనేజరు కిరాయి ఇవ్వకపోగా ఇంకో నలుగురు మేనేజర్లకి ఫోన్లు చేసి చెప్పాడు. సినిమావాళ్ళ మధ్య వార్త ఎంత జోరుగా నడుస్తుందో మీకు వేరే చెప్పాలా! రెండు నెలలు బండి కదల్లేదు. ఏసీ తాలూకు అప్పు వాయిదా మాత్రం నెలనెలా ఠంచనుగా కదిలొచ్చింది.

అప్పుడు వెళ్ళారు షెడ్డుకి. లారీలకి, బస్సులకి బాడీలు కట్టే షెడ్డు అది. అక్కడి మేస్త్రిని ఊరంతా చాచా అంటారు. నేనూ చాచా అనే పిలిచాను. డెబ్భై దగ్గర పడ్డ మనిషి. నిచ్చెన ఎక్కి, జేబులోంచి స్క్రూడ్రైవరు తీసి, టాపు అంచు కింద కట్టెను పొడిచాడు. అది బిస్కెట్టులో దిగినట్టు దిగిపోయింది.

"రేకుది తప్పు కాదు బేటా," అన్నాడు. "అతుకుల కాడ నీళ్ళు తాగింది. మీద తారు పోసినకొద్దీ లోపలికి పోయిన తడి బయటికొచ్చే తొవ్వ లేకపాయె. కట్టె కుళ్ళింది. ఇప్పుడు మళ్ళ తారు పోస్తే ఈ వానకాలం ఎల్తది. వచ్చే వానకాలానికి గోడలు పోతయి."

చాచా మాటల్లో ఉన్న శాస్త్రం కాస్త విప్పి చెబుతాను. టాపు కారేది రేకు మధ్యలో కాదు, అంచుల్లో, అతుకుల్లో, ఏసీ కోసం కోసిన కంతలో. లోపల మరక కనిపించిన చోటే పైన చిల్లు ఉంటుందనుకోకండి. నీరు చట్రం వెంట నాలుగడుగులు నడిచి ఎక్కడో దిగుతుంది. అందుకే చిల్లు వెతకాలంటే పైపుతో నీళ్ళు కింది అంచు నుంచి మొదలుపెట్టి మెల్లగా పైకి పట్టుకుంటూ పోవాలి. ఏ ఎత్తులో పట్టినప్పుడు లోపల చుక్క పడిందో చూసుకోవాలి. ఒక్కసారే టాపంతా తడిపితే దొంగ దొరకడు.

అన్న లెక్కలు వేశాడు. కొత్త టాపంటే రేకు, కట్టె, కూలీ కలిపి బండి కొన్న ఖరీదులో సగం పైచిలుకు. తారంటే ఒక డబ్బా ఖర్చు. "అమ్మేద్దాం" అన్నాడు. తమ్ముడు మాట్లాడలేదు. చాచాయే అన్నాడు: "అమ్మితే కొన్నోడు తారు పోస్తడు. మళ్ళ ఎవరిదో పెట్టె నానుతది. గదైనా నీకు మంచిగనే ఉంటదా?" ఆ మాట అన్నకి తగిలినట్టుంది. పని మొదలైంది.

మొదటి రోజు రేకు విప్పలేదు. టేపు పెట్టి కొలతలు రాసుకున్నారు, ఫోనులో అన్ని పక్కలా ఫోటోలు తీసుకున్నారు. లోపల గోడ నుంచి గోడకి అడ్డంగా రెండు కట్టెలు బిగించారు. ఎందుకంటే ట్రైలరు గోడల్ని ఒకదానితో ఒకటి పట్టి ఉంచేది టాపే. దాన్ని ఊడదీస్తే గోడలు పక్కలకి విచ్చుకుంటాయి. తర్వాత కొత్త రేకు తెచ్చి పెడితే అర అంగుళం చాలదు! ఆ తర్వాత అంచుల బద్దీలు ఊడదీసి, రివిట్ల తలల్ని డ్రిల్లుతో తొలిచి, పాత రేకుల్ని చింపకుండా దించి పక్కన పెట్టారు. పాత రేకే కొత్త రేకుకి నమూనా కదా! కుళ్ళిన కట్టె తీసేస్తే టాపు చట్రంలో మూడో వంతు పోయింది. దాని స్థానంలో బాగా ఆరిన టేకు పెట్టి, నాలుగు వైపులా ప్రైమరు కొట్టారు. పైకి కనిపించే వైపు ఒక్కటే కాదు, నాలుగు వైపులా!

ఇనుమా, అల్యూమినియమా అనే వాదం నడిచింది. ఇక్కడ కాసేపు అమెరికా వెళ్ళొద్దాం. 1954లో విన్సెంట్ మినెల్లీ తీసిన 'ది లాంగ్ లాంగ్ ట్రైలర్' అనే హాస్యచిత్రం ఉంది. లూసిల్ బాల్, డెజి ఆర్నాజ్ కొత్త దంపతులు, వాళ్ళకి ముప్ఫయ్యారు అడుగుల ట్రైలరే కాపురం. ఆ ఇల్లాలు దారి పొడుగునా రాళ్ళు ఏరి బండిలో దాస్తుంది. ఆ బరువుతో కొండ ఎక్కేసరికి మొగుడికి చెమటలు! నవ్వులాటకి తీసినా అందులో పాఠం ఒకటుంది. లాగే బండికి ప్రతి కిలో లెక్కే. ఆ బరువు పైన ఉంటే మలుపుల్లో మరీ ప్రమాదం. పదహారు అడుగులు, ఏడడుగుల టాపుకి ముప్పాతిక మిల్లీమీటరు పైచిలుకు మందాన ఇనుప రేకు వేస్తే సుమారు అరవై అయిదు కిలోలు తూగుతుంది. అదే మందం అల్యూమినియం ఇరవై రెండు, ఇరవై మూడు కిలోలే. వాలీ బయాం 1930లలో కట్టడం మొదలుపెట్టిన ఎయిర్‌స్ట్రీమ్ ట్రైలర్లు వెండిచేపల్లా మెరిసేది ఈ అల్యూమినియం వల్లే. పైగా దానికి ఇనుములా తుప్పు లేదు.

మరి చిక్కేమిటంటారా? ఎండకి సాగడంలో ఇనుము కన్నా అది ఇంచుమించు రెట్టింపు. మన వైపు చలికాలం తెల్లవారుజామున పదిహేను డిగ్రీలున్న రేకు, ఎండాకాలం మిట్టమధ్యాహ్నం అరవై అయిదు దాకా కాగిందనుకోండి. పదహారు అడుగుల పొడవులో అల్యూమినియం అయిదున్నర మిల్లీమీటర్లు సాగుతుంది. ఇనుమైతే మూడుకి కాస్త లోపు. "అంతేనా!" అనకండి. ఆ అయిదున్నర మిల్లీమీటర్లకి చోటు చూపించకపోతే రేకు బుడగలా ఉబ్బుతుంది, స్క్రూల రంధ్రాలు సాగుతాయి, మళ్ళీ నీళ్ళు! అందుకే చాచా టాపు మధ్యలో ఒక్క మేకు కూడా కొట్టలేదు. మధ్యలో సాగే జిగురు, అంచుల్లోనే స్క్రూలు. అవీ మామూలు ఇనుపవి కాదు, స్టెయిన్‌లెస్ స్టీలువి. అల్యూమినియంలో ఇనుప మేకు కొట్టి తడి తగలనిస్తే, రెండు లోహాలూ కొట్లాడుకుని చుట్టూ తెల్లపొడి రాలుస్తాయి.

రేకు ఒక్కటే ముక్క. అతుకు లేని చోట అతుకు కారదు కదా! ఒక్క ముక్క దొరకనివాళ్ళకి చాచా చెప్పిన కిటుకు: ముందు రేకు అంచు వెనక రేకు మీదికి రావాలి. తిరగేస్తే బండి పరుగెత్తేటప్పుడు గాలీ, వానా అతుకులోకి దూరతాయి.

గాలి లేని ఒక పొద్దున ఆరుగురు కలిసి ఆ రేకుని పైకెత్తారు. అందులో నేనూ ఒకణ్ణి లెండి, చెయ్యి ఆన్చానంతే! కింద థర్మోకోల్ పలకలు, ఏసీ కంత చుట్టూ అదనంగా చట్రం. అంచుల్లో జిగటగా సాగే బ్యూటైల్ టేపు పరిచి, రేకుని అంగుళం కిందికి వంచి, పైన బద్దీ బిగించారు. సిలికాన్ పూద్దామన్నాడు తమ్ముడు. చాచా వద్దన్నాడు. సిలికాన్ మీద రంగు నిలవదు. రేపు మళ్ళీ విప్పాల్సి వస్తే దాన్ని గీకలేక ప్రాణం పోతుంది. చివరికి తెల్లరంగు. మెరిసే రేకు చల్లగా ఉంటుందనుకుంటాం గానీ, ఎండలో తెల్లరంగు వేసిన రేకే తక్కువ కాగుతుంది.

అసలు పరీక్ష అప్పుడే వచ్చింది. ఒక యూనిట్ నుంచి ఫోను: "ఎల్లుండికి బండి కావాలి. పది రోజుల పని." అన్న మొహం వెలిగిపోయింది. లోపలి సీలింగు ప్లైవుడ్ కొట్టేస్తే చాలు, బండి రెడీ. చాచా మాత్రం సుత్తె కింద పెట్టేశాడు. "నీళ్ళు పట్టి చూడందే లోపల మూయను. మూసినంక చుక్క కారితే ఎక్కడ కారిందో తెల్వది. పోయినోళ్ళు చేసింది గదే గదా!"

పది రోజుల కిరాయి అంటే నాలుగు నెలల అప్పు వాయిదా. షెడ్డులో ఎవరూ మాట్లాడలేదు. అన్న బయటికి వెళ్ళి ఫోను చేసి వచ్చాడు. "వద్దని చెప్పిన" అన్నాడు.

మర్నాడు పొద్దున ట్యాంకరు తెప్పించి, గంటసేపు కింద నుంచి పైకి నీళ్ళు పట్టారు. అంచుల్లో ఏమీ లేదు. ముందు వైపు ఏమీ లేదు. ఏసీ కంత మూల దగ్గర మాత్రం, కొత్త టేకు మీద, ఒకటి... కాసేపటికి రెండోది. రెండే చుక్కలు! ప్లైవుడ్ మూసేసి ఉంటే ఆ రెండు చుక్కలూ లోపలే తాగి, రెండేళ్ళలో మళ్ళీ కట్టెను బిస్కెట్టు చేసేవి. చాచా ఆ మూల బద్దీ విప్పి, టేపు మళ్ళీ పరిచి, బిగించాడు. ఇంకో గంట నీళ్ళు పట్టారు. పొడి! అప్పుడు మూశారు సీలింగు.

పోయిన కిరాయి పోయింది. నిజం చెప్పాలి కదా, ఆ నెల వాయిదా కట్టడానికి వాళ్ళమ్మ గాజులు కుదువ పెట్టాల్సొచ్చింది. నెల తిరిగేలోపు ఇంకో చిన్న సినిమా వాళ్ళు వచ్చారు. ఆ సినిమాలో పెద్ద తారలెవరూ లేరు. ఊరి జాతర సీను కోసం ముప్ఫయిమంది అమ్మాయిలు వంతులవారీగా ఆ ట్రైలర్లోనే బట్టలు మార్చుకున్నారు. రెండో రోజు సాయంత్రం జోరున వాన. కెమెరాకి గొడుగు పట్టారు, లైట్లు ఆపేశారు, డైరెక్టరుగారు చెట్టు కింద తడిశారు. ట్రైలర్లో బట్టల పెట్టె మాత్రం తడవలేదు. ఇప్పుడు ఆ ప్రొడక్షన్ మేనేజరు కూడా నలుగురికి ఫోన్లు చేశాడట!

ఈ కథ వల్ల మీకేం లాభమంటారా? మీ ఇంటి మీద రేకులు ఉండొచ్చు, మీ నాన్నగారికి పాత వ్యాను ఉండొచ్చు. కారుతున్న చోట పైన పూయబోయే ముందు కింద ఒకసారి పొడిచి చూడండి. మెత్తగా దిగితే పూత పని కాదని అర్థం. కొత్తది వేస్తే మాత్రం నీళ్ళు పట్టి చూశాకే లోపల మూయండి.

ఈసారి షూటింగుకి వెళ్ళినప్పుడు కారవాన్ తలుపు వంకే కాకుండా, వీలైతే ఏ మేడ మీదికో ఎక్కి దాని టాపు కూడా చూసి రండి. మీ ఇంట్లో తాతయ్యలూ, అమ్మమ్మలూ ఉంటే, వాళ్ళ ఊరికి డేరా టాకీసు ఏ బండి మీద వచ్చేదో, వాన పడితే ఆట ఏమయ్యేదో అడిగి రాయండి. మంచి ముచ్చట్లు ఇక్కడే వేసుకుందాం.

ఉంటాను మరి. వచ్చేవారం కలుద్దాం!